గుర్రం పట్టిన గుర్తు

లేదు సార్, దొంగ అనే మాట మీరంటె ఊకుంట. మీరు ఎస్సై సాబు, గది మీ డ్యూటీ. గని గా ఫాంహౌజు వాచ్‌మన్ అంటె మాత్రం ఊకోను. గోడ మీద కూసున్న మనిషిని కాలు వట్టి గుంజుతడా ఎవడన్న? నా వయసేంది, వాని దూకుడేంది? లోపలికి వడితె గుర్రాల కాళ్ళు, బయటికి వడితె ముండ్లకంప. ఏ దిక్కు వడాల్నో సోంచాయించుకునే టైమన్న ఇయ్యొద్దా మనిషికి?

సరే, ముండ్లల్ల వడ్డ. యాడ గుచ్చినయో మీకు చూపియ్యలేను గని, పోనియ్యుండ్రి.

మీరు నన్ను ఎరుకవట్టలే. మేడ్చల్ల ఎవర్నన్న అడుగుండ్రి, బాలమల్లు టెంట్ హౌజ్ అంటె తెల్వనోడు లేడు. మేడ్చల్ నుంచి షామీర్‌పేట దాంక ఏ లగ్గమైనా మా షామియానాల కింద్నే. ఇప్పుడు మా కొడుకు అన్వేష్ నడుపుతున్నడు. "నాయినా, నువ్వు ఊకె కుర్సీలు లెక్కవెట్టుకుంట తిరగకు, ఇంట్ల కూసో" అన్నడు. కూసున్న. ఎంతసేపని కూసుంటం సార్? పని లేనోనికి ఒక షోకు కావాలె. నా షోకు పాత ఇనుము.

నవ్వకుండ్రి. కొందరికి పావురాలు, కొందరికి పేకాట. నాకు పాత పనిముట్లు. ఏ దుకాణంల తుప్పు వట్టిన ముక్క కనవడ్డా పట్టుకొచ్చి, కడిగి, ఇది దేనికి పనికొచ్చేదో కనుక్కునేదాంక నాకు అన్నం సయించది.

నిజం చెప్పాల్నంటె, మీరు గీ సామాన్లన్ని టేబుల్ మీద పరిచి "ఇవి ఏంది" అని అడిగిండ్రు సూడుండ్రి, నా పాణం సల్లవడ్డది. ఇన్నేండ్ల సంసారంల మా ఇంట్ల ఒక్కలన్న అడిగిండ్రా? కుర్సీ ఏసి, గీ రైటర్ మొగులయ్య సాబుతోని నీళ్ళు తాగిపిచ్చి అడిగినోళ్ళు మీరొక్కరే.

గని జెర జల్దీ చెప్పాలె. ఇంటికి ఫోన్ చేసినం అన్నరు గద, గదొక్కటే నాకు పరేషాన్. మా ఆమె కమలాబాయి ఈపాటికి ఆటో ఎక్కి ఉంటది. ఆమె వచ్చేలోపట మీకు నమ్మకం కుదిరితె నేను బయటవడ్త. కుదరకపోతె, ఉన్న కొంచెం నమ్మకం గూడ ఆమె వచ్చి పోగొడ్తది.

ముచ్చట ఒక్కటే సార్. మీరేమో ఇవి ఫాంహౌజుల తాళాలు పలగ్గొట్టే సామాన్లు అంటున్నరు. నేనేమో నాల్‌బందు సామాన్లు అంటున్న. నాల్‌బందు అంటె గుర్రాలకు నాడాలు కొట్టేటాయన. ఇవేందో తేలితె నేనెవలో తేలుతది. గంతే గద?

ఇనుండ్రి మరి, మొదటికెళ్ళి చెప్త.

ఎల్లేష్ అని మా దిక్కు ఒక పిలగాడు, పాత సామాన్ల దుకాణం. పలిగిన కూలర్లు, వాషింగ్ మిషన్ డొక్కులు, అన్ని కుప్పవోసి ఉంటయి. వాటి కింద గీ తోలు సంచి కనవడ్డది. ఎత్తితె గల్లుమన్నది. సూస్తె సంచి మెడకు గీ ఇత్తడి గంట కట్టి ఉన్నది. సంచికి గంట ఎందుకు? అప్పుడే అనుకున్న, ఇది మామూలు సంచి గాదు.

"ప్లంబర్ సామాన్లే మామా, తీస్కపో" అన్నడు ఎల్లేష్.

"ఓరి ఎల్లేషూ, గీ పట్టకారు నోరు సూడుర. పైపు వట్టేదానికి పండ్లుంటయి. దీనికి నున్నగ, గుండ్రంగ ఉన్నది. నోట్లె బత్తాయి వెట్టినా పట్టేటంత సందు ఉన్నది. ఏ పైపు వడ్తదిర దీంట్ల?"

"మరి ఏందే అది?"

"తెల్వదు."

"తెల్వంది ఎందుకు కొంటవే?"

"తెలిస్తె ఎందుకు కొంటర?" అన్న. తప్పా సార్?

ఇంటికి తెచ్చి కిరసనాయిలు వోసి నానవెట్టిన. మురికి పోయినంక పట్టకారు మీద బాణం గుర్తు తేలింది. గదిగో, మీరు ఇందాక అద్దం వెట్టి సూసిండ్రు గద, ముఠా గుర్తా అని. నేను మీ తీరు అనుకోలే. బాణం అంటె రాజుల కాలంది అన్న. మా గల్లీ గల్లీ అంత వచ్చి సూసిపోయిండ్రు. ఒకామె కుంకుమ గూడ పెట్టింది.

ఇగ ఒక్కొక్కదానికి పేరు పెట్టాలె గద. పట్టకారును పన్ను పీకేది అన్న. రాజుల కాలంల పండ్లు పెద్దగుంటుండె అని చెప్పిన. మా ఎనుక గల్లీ సోమయ్య తాత దవడ పన్ను నొస్తున్నదని చెంప వట్టుకొని వచ్చిండు. నేను పట్టకారు దెచ్చి ముందట వెట్టిన. పన్ను నొప్పి దానంతటదే తగ్గింది సార్. నేను ముట్టలే. సూసుడుతోనే తగ్గింది.

గీ కత్తి సూడుండ్రి, దీని కొన పిలిచే వేలు తీరు మర్లి ఉన్నది. దీన్ని సొరకాయ బుర్రలు తొలిచేది అన్న. గీ సుత్తె చిన్నగున్నది, కంసాలోల్లది అన్న.

గీ పొడుగు ఆకురాయి ఉన్నది సూసిండ్రా, ఒక దిక్కు ముండ్లు ముండ్లు? దీనికి నేను పేరు పెట్టకముందే మా ఆమె పెట్టింది. ఆమె మడిమెలు పగులుతయి. ఎన్ని కిరీములు రాసినా తగ్గలే. ఒకనాడు దీన్ని కడిగి బాత్రూంల పెట్టుకొని కాళ్ళు రుద్దుకుంట కూసున్నది. నెల తిరగక ముందే మడిమెలు పెండ్లిపిల్ల మడిమెలయినయి. "నీ జన్మల తెచ్చినదాంట్ల పనికొచ్చింది ఇదొక్కటే" అన్నది. లగ్గమైనప్పటిసంది ఆమె నన్ను మెచ్చుకున్నది గదే మొదలు. గా మాట జ్ఞాపకం వెట్టుకోండ్రి సార్, ఎనుకసిరి పనికొస్తది.

ఇగ గుర్రం కాడికి వస్త.

దుండిగల్ దిక్కు ఒక లగ్గం. టెంటు మాదే. నేను సంచి సంకకు తలిగేసుకొని పోయిన. ఎందుకంటె లగ్గాలల్ల ముసలోళ్ళు వస్తరు గద, ఎవలన్న ఒకలు వీటిని గుర్తువడ్తరని నా ఆశ. అన్నం దగ్గర అందరికి సూపిచ్చిన. ఒకాయన పట్టకారుతోని అప్పడం పట్టి సూసిండు. గుర్తువట్టినోడు లేడు.

బయట జనరేటర్ పక్కన ఉబేద్ గుర్రం కట్టేసి ఉన్నది. ఉబేద్ అంటె బరాత్‌లకు గుర్రం తెచ్చే పిలగాడు, నన్ను చాచా అంటడు. దాని పేరు రాణి. తెల్ల గుర్రం, నెత్తికి ఈకల కుచ్చు, మెడల పూసలు, సప్పుడు చెయ్యకుంట శెనగలు తింటున్నది. నేను దాని పక్కపొంటి నడుస్తుంటె సంచి గంట గల్లుమన్నది.

రాణి తినుడు ఆపింది సార్.

ఆపి, మెల్లగ నా దిక్కు మర్లి, ముందటి కుడి కాలు లేపింది. లేపి అట్లనే పట్టుకున్నది. లగ్గంల కాళ్ళు కడిగేటప్పుడు పెండ్లిపిలగాడు మామ ముందట కాలు సాపుతడు సూడుండ్రి, మొకం ఎటో వెట్టుకొని, "కానియ్ కానియ్" అన్నట్టు? అచ్చం గట్ల.

నాకేం తోచలే. కాలు లేపినోళ్ళను అట్ల నిలవెడ్తమా? కింద కూసొని ఆ కాలు నా తొడ మీద వెట్టుకున్న. బరువు మాత్రం మస్తుగున్నది సార్, వియ్యంకుని కాలు తీరు. జెరసేపు సూసింది. నేనేం చేస్తలేనని తెలిసి, తలకాయ కిందికి వంచి నా మొకం వాసన సూసింది. సూసి, మెల్లగ కాలు తీస్కున్నది. "నువ్వు గాదు" అన్నట్టు.

గప్పుడు ఉబేద్ ఉరుక్కుంట వచ్చిండు. "చాచా, గీ సంచి నీకు యాడ దొరికింది? ఇది చోటే మియా సంచి" అన్నడు. గంటను చెయ్యితోని ముట్టుకున్నడు. ఆ చెయ్యి అట్లనే ఉంచిండు.

చోటే మియా అని నాల్‌బందు ఉంటుండెనట సార్. మేడ్చల్ నుంచి షామీర్‌పేట దాంక ఏ గుర్రానికైనా నాడా కొట్టాల్నంటె ఆయన్నే. ఆయన నాయిన బొల్లారం మిలిటరీ పల్టన్ల గుర్రాల కాడ పనిచేసేదట. గా బాణం గుర్తు పల్టన్ సామాన్లదట, రాజులు గీజులు ఏం లేదు. చోటే మియా యాడికి వోయినా దూరంకెళ్ళి గంట కదిలిచ్చుకుంట వచ్చేదట, ఎనుకకెళ్ళి మనిషి వస్తె గుర్రం ఉలికివడ్తదని. గంట ఇనవడంగనే అవి కాళ్ళు లేపి తయారుగ ఉంటుండెనట. పోయిన రంజాన్‌కు ముందు మియా తీరిపోయిండు. ఆయనకు పిల్లలు లేరు. ఎవలో ఇల్లు ఖాళీ చేసి, సామాను ఎల్లేష్ దుకాణంల ఏసిపోయిండ్రు.

మనుషులు అందరు ఎటోల్లటు వోయిండ్రు సార్. గంటను మరువనిది గుర్రం ఒక్కటే.

"మరి ఏది దేనికిర ఉబేద్?" అన్న. "నేను పెండ్లిపిలగాన్ని ఎక్కిచ్చి దించేటోన్ని చాచా, నాడాల సంగతి నాకేం తెలుసు" అన్నడు. ఇగ నేను రాణినే అడిగిన. ఒక్కొక్క సామాను తీసి ముందట పట్టుకొని సూపిచ్చిన. పట్టకారు తీస్తె ముందటి కాలు లేపింది. అంటె పాత నాడా పీకేది. మర్లిన కత్తి తీస్తె గిట్ట కింది దిక్కు సూపిచ్చింది. అంటె లోపల గీకేది. ఆకురాయి తీస్తె కాలు తెచ్చి నా మోకాలు మీద వెట్టింది. అంటె అంచులు నున్నగ చేసేది. సుత్తె తీస్తె చెవులు ఎనుకకు వెట్టింది గని కాలు మాత్రం లేపింది. పన్ను నొస్తున్నా బువ్వకు కూసున్నట్టు.

ఏ బడిల సార్, ఏ పంతులు చెప్తడు ఇంత సాఫ్‌గ? నేను ఎనిమిది దాంక చదివిన. ఒక్కనాడు గింత సమజ్ కాలే.

గని గీ ఒక్క ముక్క ఉన్నది సూడుండ్రి, అరచెయ్యంత? ఒక కొస ఉలి తీరు, గని పదును లేదు. ఇంకో కొస మేకు తీరు. దీన్ని సూపిస్తె రాణి వాసన సూసి తుమ్మింది. తుమ్ముకు ఏమర్థం చెప్పుకోవాలె? మళ్ళ సూపిచ్చిన. మళ్ళ తుమ్మింది. అంతల పెండ్లిపిలగాడు తయారై వచ్చిండు, బరాత్ లేచిపాయె.

ఇంటికి వోయి సంబురంగ మా ఆమెతోని చెప్పిన. "కమలా, అన్ని తేలినయి. నువ్వు కాళ్ళు రుద్దుకునేది గుర్రం గిట్టలు రుద్దే ఆకురాయి" అన్న.

చెప్పొద్దుండె సార్. నోరు జారింది.

ఆమె తన మడిమెల దిక్కు సూస్కున్నది. తర్వాత అన్నది, "నాడా దొరికిందని గుర్రం కొన్నడట ఒకడు. నీకు నాడా గూడ దొరకలే, నాడా పీకేది దొరికింది. ఇగ నువ్వేం కొంటవో సూస్త" అన్నది. గంతే. అప్పటిసంది మాటల్లేవు. టీ పెడ్తది, గిలాస సప్పుడు అయ్యేటట్టు పెడ్తది. గా సప్పుడే మాట.

గని ఒక ముచ్చట సార్, మీలోపట ఉంచుకోండ్రి. పొద్దున నేను బాత్రూంకు వోతె, ఆకురాయి తడిగనే ఉంటది. నేనేమంటలేను. ఆమె ఏం చెప్తలేదు.

ఇగ నాకు మిగిలింది గీ అరచెయ్యంత ముక్క. రాణిని అడుగుదమంటె లగ్గాల సీజను, ఉబేద్ ఫోన్ ఎత్తుతలేడు. గప్పుడు యాదికొచ్చింది, షామీర్‌పేట దిక్కు ఫాంహౌజుల గుర్రపుస్వారి నేర్పుతరు గద. పది గుర్రాలల్ల ఒకటన్న చెప్పదా? సంచి సర్దుకున్న. అన్ని సామాన్లు ఉంటెనే సంచి సప్పుడు సరిగ వస్తదని, బాత్రూంలకెళ్ళి ఆకురాయి గూడ ఏస్కున్న. ఆమెను అడుగలే. మాటల్లేవు గద, ఎట్ల అడుగుత?

గేటు కాడ సక్కగనే పోయిన సార్. "నాయినా, నాకు ఒక గుర్రంతోని పని ఉన్నది, ఒక మాట అడిగి వోత" అన్న. గా వాచ్‌మన్ నన్ను కిందికెళ్ళి మీదిదాంక సూసి గేటు ఏసిండు. కొత్తోడు వాడు. పాతోడు అయితె సంచిని ఎరుకవట్టేటోడు.

అందుకే ఎనుక గోడ ఎక్కిన. తప్పే. గని గోడ మీద కూసుంట గని లోపలికి దిగొద్దని ముందే అనుకున్న. కూసొని ఒక్కసారి, ఒక్కటంటె ఒక్కసారి, గంట కదిలిచ్చిన.

ఏం చెప్పాలె సార్. ఉన్న గుర్రాలన్ని గోడ దిక్కు మర్లినయి. మీద స్వారి నేర్చుకునే పిల్లలున్నరు, వాళ్ళు ఆగు ఆగు అంటున్నరు, నేర్పే సారు ఈల వట్టుకొని ఎనుక ఉరుకుతున్నడు. ఏ గుర్రం ఇంటది? అన్ని వచ్చి గోడ ముందట వరుసగ నిలవడి, బంతిల ఆకులు పరుచుకొని కూసున్నట్టు, తలా ఒక కాలు లేపినయి.

నాకు నవ్వాగలే. అంతల ఒక ముసలి గుర్రం, ఎర్రది, కండ్ల చుట్టు తెల్లబడ్డది, ముందటికి వచ్చి గోడ మీదికెళ్ళి మెడ సాపింది. నన్ను సూడలే సార్. నా ఎనుక సూసింది. ఎవలన్న వస్తున్నరా అని.

నేను గూడ మర్లి సూసిన. ఎవలు లేరు. తొవ్వ ఖాళీగున్నది.

గా టైముల నా నవ్వు ఆగిపోయింది. గప్పుడే వాచ్‌మన్ కాలు వట్టి గుంజిండు. నేను గోడ మీద ఉండి గూడ గోడ మీద లేను, లేకపోతె వానికి దొరుకుదునా?

సరే. ఇగ మీకు నమ్మకం కుదరాలె గద, ఒక్కొక్కటి మళ్ళ చెప్త, చెయ్యి వెట్టి సూపిస్త. పట్టకారు, నాడా పీకనీకె. కత్తి, గిట్ట గీకనీకె. సుత్తె, మొలలు కొట్టనీకె. ఆకురాయి, చెప్పిన. గీ ముక్క, తెల్వది, దాస్తలేను, తెల్వది అంటున్న.

ఇగ అన్నిట్ల ముఖ్యమైంది ఇది. గీ చెక్క పిడిది. కొన సన్నగ, కొనకు చిన్న కంత. ఇది గిట్టల ఇరికిన రాళ్ళు తీసేది సార్. కంత ఎందుకంటరా? పల్టన్ గుర్రాలకు తోక జడ ఏసేటోళ్ళు గద, ఎంటిక దీంట్ల గుచ్చి అల్లేటోళ్ళు. పిడి సూడుండ్రి, బొటనవేలు కాడ అరిగింది. ఒక్క మనిషి బతుకంత పట్టుకుంటె గని గట్ల అరుగది. చోటే మియా పనితనం అంత గీ పిడిల ఉన్నది. పట్టుకుంటె నాకు రోమాలు లేస్తున్నయి.

మొగులయ్య సాబ్, జెర పైలం, అది అట్ల తీస్కపోకుండ్రి, అది పాత...

ఏంది?

మీదా? ఫైళ్ళు కుట్టే దబ్బనమా? పొద్దటిసంది దేవులాడుతున్నరా?

ఆ. దబ్బనమే. నేను అదే అందామనుకుంటున్న.

అట్ల సూడకుండ్రి సార్. నవ్వితె నవ్వుండ్రి, గని అట్ల సూడకుండ్రి. సరే, ఒప్పుకుంట. నాకేం తెల్వది. కుర్సీ ఏసి అడిగిండ్రు గద, ఆ సంబురంల టేబుల్ మీద ఏది ఉంటె దానికి చెప్పుకుంట పోయిన. మీ పెన్ను స్టాండు గూడ చెప్పేటోన్ని జెరసేపైతె. నాకు తెలిసింది గుర్రం చెప్పిందొక్కటే. నా మాట నమ్మకుండ్రి, గుర్రాన్ని నమ్ముండ్రి. ఇయ్యాల బౌరంపేట్ల ఒక లగ్గం ఉన్నది, రాణి ఆడికి వస్తది. ఒక్కసారి జీపుల పోదాం. గంట మీరే కదిలియ్యుండ్రి. అది కాలు లేపితె నేను నిజం. లేపకపోతె ఎన్ని దినాలన్న లోపలెయ్యుండ్రి.

ఆటో ఆగింది.

ఆమెనే. చెప్పుల సప్పుడు నాకెరుకే. అయిపాయె సార్ నా పని.

రా కమలా, గిట్ల రా. సార్, ఈమెనే. అడుగుండ్రి, ఏం అడుగుతరో. సార్ అడుగుతున్నరే, గీ సామాన్లు దేనికి అని.

నన్ను సూస్తలేదు సార్. టేబుల్ సూస్తున్నది. ఏం చేస్తున్నదే ఇది... ఆకురాయి తీస్కున్నది. కొంగుతోని తుడుస్తున్నది.

ఇన్నరా? "ఇది నాది, నా కాళ్ళు రుద్దుకునేది, పొద్దటిసంది ఇల్లంత దేవులాడుతున్న" అంటున్నది. టేషన్ల, ఎస్సై సాబు ముందట, చెప్పు ఇడిసి మడిమె సూపిస్తున్నది. పగుళ్ళు ఏమన్న ఉన్నయా సార్, సూడుండ్రి. లేవు గద? నేను చెప్పినప్పుడు నమ్మలే మీరు.

నవ్వుతున్నరు. మొగులయ్య సాబు గూడ నవ్వుతున్నడు. అంటె తాళాలు పలగ్గొట్టేది గాదని తేలినట్టే గద? పొమ్మంటరా? నాల్‌బందుది అని రాసుకోకపోతె మానె, కాళ్ళు రుద్దేది అని రాసుకోండ్రి. గుర్రాలయినా కాళ్ళే గద.

ఏందే, సార్ నిన్నే అడుగుతున్నరు. ఈయన నీ పెనిమిటేనా అని.

సూసిండ్రా సార్, ఎంతసేపు సోంచాయిస్తున్నదో. ఆకురాయిని ఎరుకవట్టనీకె గింత టైం తీస్కోలే.

"తెల్వది" అంటవా కమలా? ఆగు, గా ఆటోల నన్ను గూడ ఎక్కనియ్యవా?

పోయింది. ఆకురాయి వట్టుకొని పోయింది.

సరే సార్. లెక్క తేలింది. ఆకురాయి ఆమెది. దబ్బనం మీది. గంట, పట్టకారు, కత్తి, సుత్తె చోటే మియావి. ఇగ టేబుల్ మీద ఎవలికి గుర్తు లేనియి రెండే మిగిలినయి, గీ అరచెయ్యంత ముక్క, నేను. మా ఇద్దర్ని ఒక్కతాన్నే పెట్టుండ్రి. గంట మాత్రం మీదికి ఉండనియ్యుండ్రి, ఎప్పుడన్న గీ దిక్కు గుర్రం వస్తె గుర్తువడ్తది.